ఆర్లిస్ వెళ్ళిపోయిన ఆల్బమ్

టాలీస్ ఫోర్క్ ఊళ్ళో ఆర్లిస్ హార్గిస్, అతని భార్య వైనెల్ విడిపోవాలని కిందటేడు ఏప్రిల్ నెలలో నిర్ణయించడమైనది. నిర్ణయించింది వాళ్ళిద్దరూ కాదు. వాళ్ళకు ఆ ఉద్దేశం ఏనాడూ లేదు. పెళ్ళయి పంతొమ్మిదేళ్ళయినా ఒకరి మాట ఒకరు వినే దురలవాటు ఇద్దరికీ పోలేదు. అయితే కళ కోసం కొన్ని త్యాగాలు తప్పవనీ, ఆ త్యాగాలు ఎవరు చెయ్యాలో పక్కవాళ్ళే సరిగ్గా చెప్పగలరనీ కెంటకీ కొండల్లో పసిపిల్లలకు కూడా తెలుసు.

వైనెల్ స్కూలు బస్సు నడుపుతుంది. సెలవు రోజుల్లో పాటలు కడుతుంది. శుక్రవారం సాయంత్రాలు ఫైర్ స్టేషన్ షెడ్డులో చేపల వేపుడు విందు జరిగినప్పుడు గిటారు పట్టుకుని మూలన నిలబడి పాడేది. గొంతు బాగుంటుందని ఊరంతా ఒప్పుకుంది. గొంతు బాగున్నంత మాత్రాన చేప చల్లారక మానదు కనుక, తింటూనే వినేవారు. ఇరవై ఏళ్ళు అలా గడిచాయి. ఎవరికీ ఏ నష్టమూ లేదు.

చిక్కల్లా ఆమె జీవితంతో వచ్చింది. ఆ కౌంటీలో పాటగాడు అనిపించుకోవాలంటే కొన్ని కనీస అర్హతలు ఉండాలి. ఉదాహరణకు డ్వైట్ పోగ్‌ను తీసుకోండి. మూడు పెళ్ళిళ్ళు పెటాకులయ్యాయి, రెండుసార్లు జైలుకు వెళ్ళాడు, ఒకసారి ఇల్లు తగలబడింది. ఆ ఇల్లు తగలబెట్టింది కూడా తానే. అతను గొంతు సవరించుకుంటేనే జనం కళ్ళు ఒత్తుకునేవారు. వైనెల్ సంగతి చూడబోతే తండ్రి తాగుబోతు కాదు. తల్లి గుండ్రాయిలా ఉంది. మొగుడు పొద్దున్నే లేచి రొట్టెలు కాల్చి, చలికాలంలో ఆమె కంటే ముందు బయటికి వెళ్ళి బస్సు అద్దం మీద పేరుకున్న మంచు గీకి పెడతాడు. కుక్క కూడా బతికే ఉంది. ఇంత పేదరికంలోంచి పాట ఎలా పుడుతుంది?

అయినా పుట్టింది. ఒకటి కాదు, పదకొండు పుట్టాయి. వాటిలో ఆ మంచు గీకడం గురించిన పాట చాలా బాగుంటుంది. తెల్లవారకముందే బయట గరగరమని చప్పుడు వినిపించడం, దుప్పట్లో ఉన్న ఆడమనిషి ఆ చప్పుడు విని మళ్ళీ కళ్ళు మూసుకోవడం, అంతే ఆ పాట. ఇంకేమీ జరగదు. ఇంకేమీ జరగకపోవడమే ఆ పాటలోని లోపమని తరవాత తెలిసింది.

ఆ లోపాన్ని కనిపెట్టినవాడు థాడ్ విన్‌స్లో. ఉత్తరాన సముద్రపు ఒడ్డున కంటి డాక్టర్ల వంశంలో పుట్టాడు. ముప్ఫై ఏళ్ళకే పల్లెటూరి ఆత్మ మీద మనసుపడి టాలీస్ ఫోర్క్ వచ్చి, పాత పొగాకు కొట్టాం ఒకటి అద్దెకు తీసుకుని అందులో పాటలు రికార్డు చేసేవాడు. అతని టోపీ చిరిగి ఉండేది. చిరిగిన టోపీయే కొన్నాడు. ఊళ్ళో రైతులు కొత్త టోపీలు పెట్టుకుని తిరుగుతుంటే వాళ్ళను చూసి జాలిపడేవాడు.

ఒక శుక్రవారం చేప తింటూ వైనెల్ పాట విన్నాడు. తినడం ఆపేశాడు. ఫైర్ స్టేషన్ చరిత్రలో అలా జరగడం అదే మొదటిసారి.

"మీరు ఆల్బమ్ చెయ్యాలండీ," అన్నాడు. "కంపెనీలూ గింపెనీలూ వద్దు. స్వతంత్రంగా చేద్దాం."

స్వతంత్ర ఆల్బమ్ అంటే ఏ కంపెనీకీ లోబడనిది. కంపెనీకి తప్ప తక్కిన ప్రపంచానికంతటికీ లోబడి ఉంటుందన్న సంగతి ఆ చేపల విందులో ఎవరూ ప్రస్తావించలేదు.

"అయితే నేను పాడేది కంట్రీ పాటలబ్బాయ్," అంది వైనెల్.

"కంట్రీ కూడా, అమెరికానా కూడా," అన్నాడు థాడ్.

తేడా ఏమిటని ఆర్లిస్ అమాయకంగా అడిగాడు. కంట్రీ పాటలో కొత్త ట్రక్కు ఉంటుందనీ, అమెరికానాలో ఆ ట్రక్కే ఉంటుంది కానీ స్టార్టు కాదనీ థాడ్ వివరించాడు. "అలాగైతే తీసుకురా అబ్బాయ్, నేను చూస్తా," అన్నాడు ఆర్లిస్. బావుల మోటార్లు బాగుచెయ్యడం అతని వృత్తి. చెడిపోయిన వస్తువు పేరు వింటే అతని చెయ్యి ఊరుకోదు. ఆ గుణమే కొంప ముంచింది.

పొగాకు కొట్టాంలో ఒక తలుపు ఉంది. తీసినప్పుడూ వేసినప్పుడూ కిర్రుమనేది. థాడ్ ఆ కొట్టాం అద్దెకు తీసుకున్నదే ఆ కిర్రు కోసం. మైకు పాటగత్తె ముందు కాకుండా, ఆమెకూ తలుపుకూ మధ్య పెట్టాడు. ప్రతి పాట మొదట్లో ఎవరో వస్తున్నట్టో పోతున్నట్టో ఆ కిర్రు వినిపించాలి. అది ఈ ఆల్బమ్‌కు ప్రాణమనీ, గిటారు వాయించేవాళ్ళు ఎక్కడైనా దొరుకుతారు కానీ ఇలాంటి కిర్రు దొరకదనీ అతను చెప్పేవాడు. వైనెల్ పాట తప్పితే పరవాలేదనేవాడు. తలుపు తప్పితే మొదటినుంచి పాడించేవాడు.

మూడో రోజు మధ్యాహ్నం వైనెల్‌కు అన్నం తెచ్చిన ఆర్లిస్, అందరూ బయట తింటూ ఉండగా కొట్టాంలోకి వెళ్ళి వచ్చాడు. తరవాత పాట మొదలైంది. తలుపు తెరిచారు. చప్పుడు లేదు. మూశారు. చప్పుడు లేదు.

"తలుపుకేమైంది?" అన్నాడు థాడ్.

"కిర్రుమంటోందని నూనె పోశానబ్బాయ్," అన్నాడు ఆర్లిస్ సంతోషంగా. "బందులు కూడా బిగించా. ఇంకో పదేళ్ళదాకా దాని జోలికెళ్ళక్కర్లా."

థాడ్ అక్కడే గడ్డిమోపు మీద కూలబడ్డాడు. అక్కడినుంచి అతను మాట్లాడింది లోకం గుర్తుంచుకోదగ్గది.

"మీరు నూనె పోసింది తలుపుకు కాదండీ ఆర్లిస్ గారూ. డెబ్బై ఏళ్ళ కష్టానికి పోశారు. మూడు తరాల రైతుల నిట్టూర్పుకు పోశారు."

ఆర్లిస్ నిజంగా నొచ్చుకున్నాడు. ఆ పూటే బందుల్లోంచి నూనె తుడిచి, ఇసుక పోసి, ఉప్పునీళ్ళు చల్లి, రెండు వారాలపాటు ఆ తలుపును చెడగొట్టడానికి శాయశక్తులా పాటుపడ్డాడు. చివరికి కిర్రు వచ్చింది కూడా. థాడ్ కళ్ళు మూసుకుని విని తల అడ్డంగా ఊపాడు.

"కిర్రు ఉంది. దుఃఖం లేదు."

అసలు దోషం తలుపులో లేదనీ, ఆర్లిస్‌లో ఉందనీ అతనికి ఆ క్షణంలోనే స్ఫురించింది. పదకొండు పాటలూ మళ్ళీ విన్నాడు. ప్రతి పాటలోనూ ఈ మనిషే. నూనె పోస్తున్నాడు, మంచు గీకుతున్నాడు, రొట్టెలు కాలుస్తున్నాడు. మర్నాడు భార్యాభర్తల్ని కూర్చోబెట్టి విషయం విన్నవించాడు. శ్రోత అనేవాడు రోజంతా కష్టపడి ఇంటికొచ్చి, సుఖంగా ఉన్న ఆడదాని పాట వినడానికి డబ్బివ్వడు. మంచు పాట ఉంచుదాం, కానీ చివర మంచు గీకే మనిషి వెళ్ళిపోవాలి. ఆమె ఒక్కతీ చలిలో నిలబడి తానే గీక్కోవాలి.

"అది అబద్ధం కదా," అంది వైనెల్.

"అందుకే నిజం చెయ్యమంటున్నా," అన్నాడు థాడ్. "ఈ పాటల్లో జనం కోరేది నిజాయితీ. జరగనిది పాడితే పసిగట్టేస్తారు. ఆల్బమ్ బయటికొచ్చేదాకా ఆర్లిస్ గారు ఎక్కడికైనా వెళ్ళి ఉంటే చాలు."

వైనెల్ లేచి బల్ల మీద చెయ్యి చరిచింది. "నా మొగుణ్ణి వెళ్ళగొట్టి నేను పాటలు పాడాలా? నీకేమన్నా మతిపోయిందా?"

ఆమెను సముదాయించింది ఆర్లిసే. ఎవరేం అడిగినా కాదనలేని మనిషి.

"ఎన్నాళ్ళు వైనీ, ఆగస్టులో ఉడతల వేట మొదలయ్యేదాకా. మా తమ్ముడు రాయ్స్ గాడి చక్రాల ఇల్లుంది కదా, ఆ క్యాంపర్ చెరువు కాడ ఖాళీగానే పడుంది. చేపలు పట్టుకుంటా. నీ పాట పదిమందీ వినాలి కదే. ఇరవై ఏళ్ళు ఆ చేపల కంపులో పాడావు."

ఆ చివరి మాటకు వైనెల్ మెత్తబడింది. పదిమందీ వినాలని ఆమెకూ ఉంది. లేదని ఎవరైనా అంటే అది అబద్ధం.

నిష్క్రమణకు శనివారం మధ్యాహ్నం ముహూర్తం పెట్టారు. మంగలి షాపు నిండుగా ఉండే వేళ అది. ఆర్లిస్ ట్రక్కులో తలగడ, గాలాలు, ఇనప పెనం సర్దుకుని బయల్దేరాడు. వైనెల్ వరండాలో నిలబడింది. ట్రక్కు మలుపు తిరిగి మళ్ళీ వచ్చింది. బి.పి. మాత్రలు మరిచిపోయాడు. ఆమె లోపలినుంచి తెచ్చి చేతిలో పెట్టింది. మళ్ళీ వెళ్ళి మళ్ళీ వచ్చాడు. ఈసారి కళ్ళజోడు. ఎదురింటి మిస్ ఓపల్ (ఆ ఊళ్ళో పెళ్ళయినవాళ్ళు కూడా మిస్సులే) తెర వెనకనుంచి ఇదంతా కళ్ళారా చూసింది. చూసినదాన్ని చూసినట్టే ఊరికి తెలియజేసింది: పాపం రెండుసార్లు తిరిగొచ్చి బతిమాలాడనీ, రెండుసార్లూ గడప దాటనివ్వలేదనీ, ఉంగరం చేతిలో పెట్టి పొమ్మందనీ. సాయంత్రానికి ఇంకో ఆడదాని పేరు కూడా సిద్ధమైంది. అలాంటి పేరుగల మనిషి ఆ కౌంటీలోనే లేదు. అదొక్కటే ఆ కథనంలో చిన్న వెలితి.

మర్నాటినుంచి గిన్నెలు రావడం మొదలైంది. ఆ ఊళ్ళో ఎవరైనా పోయినా, ఎవరి మొగుడైనా పోయినా, చర్చి ఆడవాళ్ళు కోడిమాంసమూ నూడుల్సూ డబ్బా సూపులో కలిపి, పైన చీజ్ పరిచి కాల్చి, గాజు గిన్నెతో సహా తెచ్చి ఇస్తారు. గిన్నె అడుగున తమ పేరు రాసిన పట్టీ అంటించి ఉంటుంది. తిన్నాక గిన్నె కడిగి స్వయంగా వెళ్ళి ఇవ్వాలి. ఇచ్చేటప్పుడు కూర్చుని వివరాలు చెప్పాలి. ఎక్కడా రాసి లేదు కానీ, ఇదీ బేరం. వైనెల్ ఇంటికి పదిహేడు గిన్నెలు వచ్చాయి. వివరాలు ఆమె దగ్గర ఒక్కటీ లేవు. అబద్ధం చెప్పడం చేతకాక తలవంచుకుని ఊరుకునేది. ఆ తలవంపులోంచి ఊరు పదిహేడు రకాల కథలు తీసుకుంది.

చర్చిలో పాస్టరు బ్రదర్ ఎల్డన్ పీవీ పేరు పెట్టి ప్రార్థన చేశాడు. "ప్రభువా, వెళ్ళిపోయిన ఆ పాపిని ఎక్కడున్నా వెతికి పట్టుకో" అన్నాడు. పాపి ఎక్కడున్నాడో అందరికీ తెలుసు. ఊరికి నాలుగు మైళ్ళ దూరంలో చెరువు ఒడ్డున ఉన్నాడు. ఊళ్ళోని ముగ్గురు వితంతువులూ, ఒక రిటైరైన టీచరమ్మా అతణ్ణి మందలించడానికి విడివిడిగా వెళ్ళివచ్చారు. మందలించడానికి వెళుతూ ఆపిల్‌తో, గుమ్మడితో కాల్చిన తీపి 'పై'లు పట్టుకెళ్ళారు. ఆర్లిస్ ఆ వేసవిలో పద్నాలుగు పౌండ్ల బరువు పెరిగాడు.

ఆగస్టులో ఆల్బమ్ విడుదలైంది. ఉడతల వేట మొదలైంది. "ఇంక ఆయన ఇంటికొచ్చేస్తాడు," అంది వైనెల్. ఇప్పుడా, ఇప్పుడెలా కుదురుతుందన్నాడు థాడ్. ఎందుకంటే ఆల్బమ్ జనానికి నచ్చింది. ఆ చివర మార్చిన మంచు పాట దేశమంతా పాకింది. పెద్ద నగరంలోని ఒక పత్రిక "ఈ గాయాన్ని ఎవరూ కల్పించలేరు" అని రాసింది. తలుపు చప్పుడు గురించి ప్రత్యేకంగా ఒక పేరా కేటాయించింది. దూరప్రాంతాలనుంచి అభిమానులు కార్లలో వచ్చి వైనెల్ ఇంటి ముందు నిలబడి, వరండాను ఫోటో తీసుకుని, కాసేపు ఏడ్చి, దారిలో భోంచేసి వెళ్ళేవారు. ఆమె బస్సు ఎక్కే పిల్లలు "మిస్ వైనెల్, మీరు బాగానే ఉన్నారా?" అని రోజూ అడిగేవారు. ఇంట్లో పెద్దవాళ్ళు అడిగి రమ్మనేవారు.

"ఆర్లిస్‌ను క్షమించం" అని రాసిన బనియన్లు కూడా వచ్చాయి. ఆర్లిస్ ఒకటి కొనుక్కున్నాడు. గుడ్డ మంచిదనీ, పొట్ట దగ్గర వదులుగా ఉందనీ చెప్పాడు.

మొదట్లో అతనూ నవ్వుతాలుగానే తీసుకున్నాడు. కాని పశువుల మేత దుకాణంలో తోటివాళ్ళు మాట్లాడటం తగ్గించారు. హోటల్లో కాఫీ పోసే అమ్మాయి అతని కప్పు ఖాళీ అయినా చూడనట్టు పోయేది. మోటారు చెడిపోయినవాళ్ళు పక్క కౌంటీ మనిషిని పిలిపించుకునేవారు. పెళ్ళాన్ని ఏడిపించినవాడి చేత్తో తోడిన నీళ్ళు ఎవరు తాగుతారు? వైనెల్ ఫోను చేస్తే రెండు మాటలు మాట్లాడి పెట్టేసేవాడు. ఇంటికి రమ్మంటే, "చూద్దాంలే వైనీ" అనేవాడు. ఆ 'చూద్దాంలే' ఆమెకు నచ్చలేదు. పంతొమ్మిదేళ్ళలో అతను ఆ మాట అనలేదు.

అక్టోబరులో జొన్న దంటు రసాన్ని బెల్లంపాకంలా కాచే జొన్నపాకం పండుగ వచ్చింది. వైనెల్ ఆ పండుగలో అసలు సంగతి చెప్పేయాలని నిశ్చయించుకుంది. ఊరంతా ఒకచోట చేరేది అప్పుడే. పెద్ద పెద్ద మూకుళ్ళలో పాకం ఉడుకుతూ ఉండగా కౌంటీ జడ్జి హోమర్ స్టిడమ్ వేదికెక్కాడు. ఆయన పేరుకే జడ్జి. తీర్పులు చెప్పడు, రోడ్లు వేయిస్తానని చెబుతాడు.

"సోదర సోదరీమణులారా! మన కౌంటీలో బొగ్గు అయిపోయింది. పొగాకు పోయింది. అయినా మనం అధైర్యపడలేదు. మన దగ్గర దుఃఖం ఉంది! తవ్వేకొద్దీ వచ్చే దుఃఖం ఉంది! మన వైనెల్ హార్గిస్ పగిలిన గుండె ఈ కౌంటీకి గర్వకారణం. ఈ వేసవిలో మన హోటళ్ళలో ఒక్క గది ఖాళీగా లేదు. కావున నేటి దినాన్ని 'వైనెల్ హార్గిస్ దుఃఖ దినం'గా ఇందుమూలంగా ప్రకటించడమైనది. ఆ గుండె ఇలాగే కలకాలం పగిలి ఉండాలని ఆశీర్వదిస్తున్నాను!"

చప్పట్లు మోగాయి. వైనెల్ మైకు దగ్గరికి వచ్చింది. గిటారు కింద పెట్టింది.

"మీకందరికీ ఒక మాట చెప్పాలి. ఆర్లిస్ నన్ను వదిలేసి పోలేదు. ఆల్బమ్ కోసం మేమే అలా చేశాం. ఆయన ఎవరి వెంటా పోలేదు. చెరువు కాడ చేపలు పట్టుకుంటున్నాడు. ఈ భూమ్మీద అంత మంచి మనిషి నాకు తెలీదు. ఆయన్ని ఏమీ అనకండి. మీ కాళ్ళు పట్టుకుంటా."

ముందు వరసలో ఎవరో వెక్కి వెక్కి ఏడ్చారు. ఆ ఏడుపు వరసలు దాటుకుంటూ మూకుళ్ళదాకా పాకింది. "చూశావా, ఇంకా వెనకేసుకొస్తోంది!" అంది మిస్ ఓపల్ ముక్కు చీదుతూ. "ఎంత పిచ్చి ప్రేమే తల్లీ నీది!" అని ఇంకొకామె అరిచింది. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. పాకం మాడిపోయినా ఎవరూ చూసుకోలేదు. థాడ్ కళ్ళు తుడుచుకుంటూ, దీన్ని ఆల్బమ్ చివర కలపాలన్నాడు. నిజం చెప్పి అబద్ధాన్ని అంత గట్టిగా రుజువు చేసిన మనిషి ఆ కౌంటీలో అంతకుముందు లేదు.

సోమవారం మధ్యాహ్నం పిల్లలందర్నీ ఇళ్ళ దగ్గర దింపి, ఖాళీ బస్సు చెరువు వైపు తిప్పింది వైనెల్. ఆర్లిస్ క్యాంపర్ మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. అదే బనియను వేసుకున్నాడు. గాలం పక్కన పడి ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"పండక్కొచ్చా," అన్నాడు. "వెనకాల నిలబడ్డా. నువ్వలా అందరి ముందూ నన్ను వెనకేసుకొస్తుంటే... వైనీ, నేను దానికి తగను."

"దేనికి తగవు? నేను చెప్పింది నిజమే కదయ్యా!"

"అది నీ మంచితనం." తలవంచుకున్నాడు. "నిన్నలా వదిలేసి రాకుండా ఉండాల్సింది."

"నువ్వు వదిలేసి రాలేదు. థాడ్ పంపాడు. నా పక్కన కూర్చుని నువ్వే సరేనన్నావు. గుర్తులేదా?"

"వెళ్ళిపోయినవాడు ప్రతివాడూ అలాగే ఏదో ఒకటి చెప్పుకుంటాడే. ఆ పాట రోజూ ట్రక్కులో వింటున్నా. అందులో నువ్వొక్కదానివీ చలిలో నిలబడి గీక్కుంటా ఉంటావు చూడు, చేతులు వణుకుతా... అక్కడ నాకు ఊపిరాడదు. ఎంత కష్టపెట్టానో నిన్ను."

"ఆర్లిస్! ఆ పాట పాడింది మే నెలలో! నాకు చెమటలు పోస్తున్నాయి!"

"అలా తేలిగ్గా తీసెయ్యకే," అన్నాడు అతను బాధగా.

వైనెల్‌కు భయం వేసింది. జనం ఏమన్నా ఆమె ఇంత భయపడలేదు. పత్రికలు నమ్మాయి, ఊరు నమ్మింది, చివరికి పంతొమ్మిదేళ్ళు తన పక్కన పడుకున్న మనిషి కూడా తన పాటే నమ్మాడు, తనను నమ్మడం లేదు. ఎవరూ పోలేదని ఇన్నాళ్ళూ అనుకుంది. నిజంగానే పోతున్నాడు. ఇంకొన్నాళ్ళు ఈ మెట్టు మీదే కూర్చుంటే ఈ మనిషి తనకు దక్కడు. ఆమె అతని పక్కన కూర్చుని ఏడ్చింది. వేదిక మీద ఒక్కసారీ ఏడవని మనిషి. తరవాత కళ్ళు తుడుచుకుని లేచింది.

"బస్సెక్కు."

"అది పిల్లల బస్సే. రూలు ఒప్పుకోదు."

"ఎక్కమన్నానా!"

ఆర్లిస్ తలగడ చంకన పెట్టుకుని ఎక్కాడు. వైనెల్ అతణ్ణి మొదటి సీట్లో, పిల్లల్లో బాగా అల్లరి చేసేవాణ్ణి కూర్చోబెట్టే చోట కూర్చోబెట్టింది. తిన్నగా మెయిన్ స్ట్రీట్‌కు వచ్చి, తమ ఇంటి ముందు ఆపి, ఎర్రదీపాలు వేసింది. పక్కనున్న స్టాప్ బోర్డు బయటికి తెరుచుకుంది. స్కూలు బస్సు ఎర్రదీపాలు వేస్తే రెండు వైపులా ప్రతి బండీ ఆగాలి. ఆ దేశంలో దొంగ కూడా ఆగుతాడు. టాలీస్ ఫోర్క్ మొత్తం ఆగింది. మంగలి షాపులో కత్తెరలు కూడా ఆగాయి. ఆగిన జనం అందరూ చూస్తుండగా ఆర్లిస్ హార్గిస్, తలగడతో, ఆ బనియన్‌తో, మెట్లు దిగి సొంత ఇంట్లోకి నడిచాడు. అతను తలుపు వేసుకునేదాకా ఆమె దీపాలు ఆర్పలేదు.

మర్నాడు చర్చి తరఫున రాయబారం వచ్చింది. బ్రదర్ ఎల్డన్ గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా వైనెల్! పాపిని క్షమించడం క్రైస్తవ ధర్మమే. కాదనను. అయితే ఏ ధర్మానికైనా ఒక వేళంటూ ఉంటుంది. నీ దుఃఖం ఇప్పుడు నీ ఒక్కదాని సొత్తు కాదు. మనందరిదీ. సంఘాన్ని అడక్కుండా దాన్ని ముగించడం పద్ధతేనా?"

మిస్ ఓపల్‌కు అంత ఓపిక లేదు. "నీ పాట విని మా ఆయన హేవుడ్‌తో రెండు నెల్లుగా మాటల్లేవు నాకు! వెళ్ళిపోతే పొమ్మన్నా! నిన్ను చూసుకునే కదే నాకంత ధైర్యం? ఇప్పుడు నువ్వు కులాసాగా మొగుణ్ణి తెచ్చుకుని కూర్చుంటే నేనేమైపోవాలి? ఆయనకి ఏమని చెప్పను?" అని వంటింట్లోకి వెళ్ళి, తన గిన్నె వెతికి తీసుకుని వెళ్ళిపోయింది. గిన్నెలో వైనెల్ ఆ పూట వండుకున్న వంటకం ఉంది. అది కూడా తీసుకెళ్ళింది.

అభిమానులనుంచి ఉత్తరాలు వచ్చాయి. తమ సొంత దుఃఖాలను ఆమె దగ్గర దాచుకున్నామనీ, ఆమె నమ్మకద్రోహం చేసిందనీ రాశారు. పెద్ద నగరంలోని పత్రిక ఆ గాయాన్ని ఎవరైనా కల్పించగలరని ముందే అనుమానించానని రాసింది. జడ్జి స్టిడమ్ దుఃఖ దినాన్ని రద్దు చేశాడు. హోటళ్ళలో గదులు ఖాళీ అయ్యాయి. ఆ బాధ్యత హార్గిస్ దంపతుల సుఖానిదేనని కౌంటీ రికార్డుల్లో నమోదైంది. థాడ్ మాత్రం కోపగించుకోలేదు. సుఖం అనేది ఎవరి ఇంట్లో వాళ్ళు పడవలసిన కష్టమనీ, దాన్ని బయటికి తేకూడదనీ హితవు చెప్పి, ఇంకో కౌంటీలో వరద వచ్చిందని తెలిసి అటు వెళ్ళాడు.

ఆర్లిస్‌కు తాను ఏ తప్పూ చెయ్యలేదని నమ్మకం కుదరడానికి శీతాకాలమంతా పట్టింది. అప్పుడప్పుడూ రొట్టె కాలుస్తూ మధ్యలో ఆగి, "నన్ను క్షమించావు కదా" అనేవాడు. మొదట్లో వైనెల్ వాదించేది. తరవాత విసుగుపుట్టి, "క్షమించాలే, ఆ రొట్టె మాడుతోంది చూడు" అనేది. ఆ విసుగు విన్నాకే అతని మనసు కుదుటపడింది. పాటలో ఆమె ఎప్పుడూ అలా విసుక్కోలేదు.

వసంతంలో ఆమె తన వంటింట్లో కూర్చుని ఆ పదకొండు పాటల్నీ మొదట కట్టినట్టే, ఎవరూ ఎక్కడికీ వెళ్ళిపోకుండా పాడి, రెండో ఆల్బమ్ చేసింది. పూర్తి స్వతంత్రమైన ఆల్బమ్ అంటే అదే. దాన్ని విన్నవాళ్ళు నలుగురు. వైనెల్ తల్లి, ఆర్లిస్, రాయ్స్, నాలుగోవాడు డ్వైట్ పోగ్. డ్వైట్ ఆ మంచు పాట మూడుసార్లు పెట్టించుకుని, మూడుసార్లూ కుర్చీలో కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "ఇట్టాంటి బతుకు కూడా ఉంటదంటావా వైనెల్?" అన్నాడు. ఆమె అవునంది. అతను టోపీ తీసి చేతుల్లో తిప్పుకుంటూ కాసేపు కూర్చుని వెళ్ళిపోయాడు.

వైనెల్, ఆర్లిస్ ఇప్పుడు బాగున్నారు. పొద్దున్నే లేస్తారు. తింటారు. పనులకు వెళ్ళి వస్తారు. అక్కడినుంచి ఈ కథలో చెప్పుకోదగ్గది ఏమీ జరగలేదు. జరగనిదాన్ని చెప్పమని ఎవరూ అడగలేదు. మీరూ అడగరని నాకు తెలుసు. ఎప్పుడైనా వాళ్ళు నిజంగా విడిపోతే మాత్రం తప్పకుండా కబురు చెయ్యమని మీలో కొందరు ఈపాటికే నోరు తెరవబోయారు. కంగారుపడకండి. మిస్ ఓపల్ తెర వెనకే ఉంది, చేస్తుంది.